కోసే కత్తికి పదునొక్కటే చాలదు: లాన్‌మోవర్ బ్లేడు చరిత్ర

సుమారు ఇరవయ్యేళ్ల క్రితం నేను భౌతికశాస్త్రం బోధించిన ఒక కళాశాలలో ఆఫీసు ముందు పెద్ద పచ్చిక ఉండేది. దాన్ని కోయడానికి ఒక పెట్రోలు యంత్రం కొన్నారు. అరవైకి దగ్గరపడిన తోటమాలి ఒకాయన దాన్ని నడిపేవారు. ఒకరోజు బ్లేడు రాయికి తగిలి, ఒక చివర అంచు కొరికినట్టు విరిగింది. ఆయన బ్లేడు విప్పి తెచ్చి నాకు చూపించారు. మా వర్క్‌షాపులో కరెంటుతో తిరిగే సాన ఉంది. "విరిగిన చోటు సాఫీ అయ్యేదాకా ఆ వైపు నూరించండి, సరిపోతుంది" అని నేను సలహా ఇచ్చాను.

వారం తిరక్కుండానే ఆయన మళ్లీ వచ్చారు. "పదును బాగానే వచ్చింది సార్, గడ్డి చక్కగా తెగుతోంది. కానీ బండి చేతుల్లో నిలవట్లేదు. రాత్రి అన్నం కలుపుకొంటుంటే వేళ్లకు స్పర్శ తెలియట్లేదు" అన్నారు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద అపకేంద్ర బలం సూత్రం రాసిన నేను, చేతిలో బ్లేడు పట్టుకున్నప్పుడు దాన్ని మరిచిపోయాను. ఒక చివర నూరించి రెండో చివర వదిలేయమన్నది నేనే. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించింది మాత్రం ఆయన వేళ్లు. ఈ ప్రసంగానికి మొదలు అదే. గడ్డి కోసే కత్తికి పదునుతోపాటు సమతూకం కూడా ఎందుకు అవసరమైంది, ఎప్పుడు అవసరమైంది అనే ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళితే దాదాపు రెండు వందల సంవత్సరాల చరిత్ర మన ముందుకు వస్తుంది.

గడ్డిని ఎవరు పట్టుకుంటారు?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. కొడవలితో వరి కోసేటప్పుడు ఎడమ చెయ్యి ఏం చేస్తుంది? దుబ్బును గుప్పిట్లో బిగించి పట్టుకుంటుంది. ఆ పట్టు లేకపోతే, కొడవలి ఎంత పదునుగా ఉన్నా, కాడ వంగిపోతుందే తప్ప తెగదు. అంటే ప్రతి కోతకూ రెండు వైపులు ఉంటాయి. ఒకవైపు కోసే అంచు, రెండోవైపు కాడను కదలకుండా నిలిపే ఆధారం. కొడవలి కోతలో ఆ ఆధారం మన ఎడమ చెయ్యి.

కత్తెర సంగతి చూడండి. అక్కడ గుడ్డను చేత్తో బిగించి పట్టుకోనక్కరలేదు. ఒక రేకుకు రెండో రేకే ఆధారం. కత్తెర నెమ్మదిగా కదిలినా కోత పడుతుంది.

మూడో పద్ధతి మనమంతా చిన్నప్పుడు చేసిందే. పొలం గట్టు మీద నడుస్తూ బెత్తంతో కలుపు మొక్కల తలలు ఎగరగొట్టని వాళ్లు ఎవరుంటారు? బెత్తాన్ని మెల్లగా ఆనిస్తే మొక్క వంగి పక్కకు తప్పుకుంటుంది. విసురుగా కొడితే టక్కున తెగుతుంది. అక్కడ మొక్కను ఎవరూ పట్టుకోలేదు. దాని జడత్వమే దాన్ని పట్టి ఉంచింది. వంగడానికి కావలసిన వ్యవధి దొరకకముందే దెబ్బ తగిలింది.

చెయ్యి, రెండో కత్తి, వేగం. ఈ మూడు ఆధారాలను గుర్తుపెట్టుకుంటే లాన్‌మోవర్ చరిత్ర మొత్తం తేలిగ్గా అర్థమవుతుంది.

ఐరోపాలో పచ్చికలను యంత్రాలు రాకముందు సైథ్ అనే పొడవాటి పిడి ఉన్న పెద్ద కొడవలితో కోసేవారు. నిలబడి రెండు చేతులతో అర్ధచంద్రాకారంగా విసురుతూ కోయాలి. దుబ్బును పట్టుకోవడానికి ఎడమ చెయ్యి ఖాళీ ఉండదు. కాబట్టి ఆధారం కొంత విసురు వేగం నుంచి, కొంత గడ్డి బరువు నుంచి రావాలి. అందుకే కోతగాళ్లు తెల్లవారుజామున, గడ్డి మంచుతో తడిసి బరువుగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టేవారు. నడుముకు వేలాడే కొమ్ము బుర్రలో నీళ్లు, అందులో సానరాయి ఉండేవి. పని మధ్యలో పదేపదే ఆగి అంచును రాయితో నూరుకునేవారు. వాదర బాగా మందమైతే చిన్న దాకలి మీద పెట్టి సుత్తితో కొట్టి పలచన చేసేవారు. పదును పెట్టుకోవడం కోతగాడి పనిలో భాగమే. ఆ నైపుణ్యం వేరు, కోత నైపుణ్యం వేరు అని ఎవరూ అనుకోలేదు.

బట్టల మిల్లు నుంచి పచ్చిక మీదికి

ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ అనే ఊరి చుట్టుపక్కల లోయలు ఉన్ని బట్టలకు ప్రసిద్ధి. నేసిన ఉన్ని బట్ట మీద నూగు లేస్తుంది. దాన్ని సమానంగా కత్తిరిస్తేనే బట్ట నునుపుగా ఉంటుంది. పూర్వం ఈ పనిని పెద్ద పెద్ద కత్తెరలతో నిపుణులైన కార్మికులు చేసేవారు. ఆ కత్తెరలను చట్రాలకు బిగించి యంత్రంతో ఆడించడం మొదలయ్యాక వాళ్ల జీవనోపాధి పోయింది. 1812లో యార్క్‌షైర్‌లో లడ్డైట్లు అనే పేరుతో కార్మికులు ఆ చట్రాలను సుత్తులతో పగలగొట్టారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో రాఫోల్డ్స్ మిల్లు మీద జరిగిన దాడి చరిత్రలో నిలిచిపోయింది.

యంత్రాలు మాత్రం ఆగలేదు. కత్తెరలు పోయి, తిరిగే కత్తులు వచ్చాయి. ఒక స్థూపం చుట్టూ మెలిక తిరిగిన కత్తులు అమర్చి, వాటి కింద కదలని ఒక కత్తిని బిగిస్తారు. స్థూపం తిరుగుతుంటే, మధ్యలో చిక్కిన నూగు కత్తెరలో చిక్కినట్టు తెగిపోతుంది. ఒక విధంగా అది ఆగకుండా తిరిగే కత్తెర.

స్ట్రౌడ్ ప్రాంతంలో యంత్రాల పని చేసే ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్‌కు ఈ యంత్రాన్ని చూసి ఒక ఆలోచన వచ్చింది. బట్ట మీది నూగును కత్తిరించేది నేల మీది గడ్డిని ఎందుకు కత్తిరించకూడదు? 1830లో, స్థానిక ఇనుప కర్మాగారం యజమాని జాన్ ఫెర్రబీతో కలిసి ఆయన యంత్రం తయారుచేశాడు. అదే ఏడాది ఆగస్టు 31న పేటెంటు వచ్చింది. అది పోత ఇనుముతో చేసిన బరువైన బండి. వెడల్పు 19 అంగుళాలు. వెనకాల దొర్లే ఉరుళ్ల నుంచి పళ్ల చక్రాల ద్వారా కత్తుల స్థూపానికి చలనం అందుతుంది. మనిషి తోస్తే చాలు, గడ్డి తెగి ముందున్న పెట్టెలో పడుతుంది. లండన్ రీజెంట్స్ పార్కులోని జంతు ప్రదర్శనశాల దీన్ని మొదట్లోనే కొన్న సంస్థల్లో ఒకటి. పల్లెల్లోని పెద్దమనుషులు దీన్ని తామే నడుపుకుంటే వినోదమూ వ్యాయామమూ రెండూ దక్కుతాయని బడ్డింగ్ తన పేటెంటు పత్రంలోనే రాసుకున్నాడు. కూలివాడి పని యజమాని సరదాగా మారడం అక్కడే మొదలైంది.

1832లో ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ సంస్థ ఈ యంత్రం తయారీకి అనుమతి తీసుకుంది. తరువాత స్కాట్లండ్‌లో అలెగ్జాండర్ షాంక్స్ పొట్టి జాతి గుర్రం లాగే పెద్ద యంత్రం చేశాడు. డెక్కల గుర్తులు పచ్చిక మీద పడకుండా ఆ గుర్రాలకు తోలు బూట్లు తొడిగేవారు. 1859లో థామస్ గ్రీన్ పళ్ల చక్రాలకు బదులు గొలుసు వాడి చప్పుడు తగ్గించాడు. 1893లో ఆవిరి యంత్రం, 1902లో పెట్రోలు యంత్రం వచ్చాయి. ఇన్ని మార్పులు వచ్చినా కోసే సూత్రం మారలేదు. గడ్డిని పట్టుకునే ఆధారం రెండో కత్తే.

నూరడం కూడా ఫ్యాక్టరీకే

ఈ స్థూపపు యంత్రాన్ని సిలిండర్ మోవర్ అంటారు. క్రికెట్ పిచ్‌ల మీద, గోల్ఫ్ మైదానాల్లోని గ్రీన్‌ల మీద ఇవాళ్టికీ పనిచేసేది ఇదే. దాని కోత కత్తెర కోతలా శుభ్రంగా ఉంటుంది. పైగా నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది.

ఇంటివాడికి దీంతో ఒక ఇబ్బంది ఉంది. మెలిక తిరిగిన అయిదారు కత్తులూ ఒకే స్థూపాకారంలో ఉండాలి. కింది కత్తి వాటికి పొడవునా సమానంగా ఆనాలి. కాగితం మందమంత తేడా వచ్చినా గడ్డి నలిగిపోతుందే గాని తెగదు. అందుచేత చలికాలంలో, గడ్డి పెరగని నెలల్లో, యంత్రాన్ని నూరే దుకాణానికి పంపడం ఇంగ్లండ్‌లో అలవాటుగా మారింది. ఇంట్లో చేసుకోగలిగింది ఒక్కటే. కత్తులకు సానపొడి కలిపిన జిడ్డు ముద్ద పూసి, స్థూపాన్ని వెనక్కి తిప్పితే కత్తులు ఒకదాన్నొకటి నూరుకుంటాయి. 1890ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కార్బొరండం తయారుచేశాక ఇలాంటి సానపొడులు చవకగా దొరకసాగాయి. నూరాక ఒక సన్నటి కాగితం ముక్కను కత్తుల మధ్య పెట్టి తిప్పి చూస్తారు. పొడవునా ప్రతిచోటా కాగితం తెగితే పదును కుదిరినట్టు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ యంత్రంలో సమతూకం గురించి ఇంటివాడు ఆలోచించనక్కరలేదు. వేగం తక్కువ కాబట్టి కొన్ని గ్రాముల తేడా ఉన్నా పెద్ద బాధ లేదు. బాధంతా కత్తుల పొందిక గురించే.

రెండో కత్తిని తీసేస్తే

ఇరవయ్యో శతాబ్దంలో చవకైన చిన్న పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. ఇంత వేగం చేతిలో ఉంటే రెండో కత్తి ఎందుకు అనే ప్రశ్న కూడా వచ్చింది. ఒకే కత్తిని నేలకు సమాంతరంగా, ఫ్యాను రెక్కలా గిరగిర తిప్పితే? పొలం గట్టు మీది బెత్తం సూత్రమే ఇది. 1930ల్లో ఇంగ్లండ్‌లో రోటోసైథ్ అనే పేరుతో ఇలాంటి యంత్రం అమ్మకానికి వచ్చింది. దీన్ని రోటరీ మోవర్ అంటారు.

దీనికి ప్రజాదరణ రెండో ప్రపంచ యుద్ధం తరువాతే వచ్చింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ శివారు కాంకర్డ్‌లో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ అనే ఆయన 1952లో తన ఇంటి షెడ్డులో, పాత సామాన్లతో ఒక రోటరీ మోవర్ తయారుచేశాడు. ఇంధనం ట్యాంకుగా ఖాళీ పీచ్ పండ్ల డబ్బా బిగించాడు. తన పేరులోని విక్టర్ నుంచే దానికి విక్టా అనే పేరు పెట్టాడు. కొన్నేళ్లలోనే అది ఆస్ట్రేలియా ఇళ్లలో సర్వసాధారణమైంది. అదే కాలంలో అమెరికాలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం నగరాల శివార్లలో వేలాది ఇళ్లు కట్టారు. 1947లో న్యూయార్క్ దగ్గర మొదలైన లెవిటౌన్ వాటిలో ప్రసిద్ధమైంది. ప్రతి ఇంటి ముందూ పచ్చిక, దాన్ని వారం వారం కోయాలనే కట్టుబాటు. పనివాణ్ణి పెట్టుకోలేని మధ్యతరగతి ఇంటాయన తానే యంత్రం తోయాలి. ఎత్తుగా పెరిగిన గడ్డినైనా, తడి గడ్డినైనా, కలుపునైనా కోయగలిగే చవకైన రోటరీ మోవర్ ఆ అవసరానికి సరిగ్గా సరిపోయింది.

పదును పెట్టడం కూడా తేలికైంది. ఒకే బోల్టు, ఒకే బ్లేడు, రెండు చివర్లలో జానెడైనా లేని రెండు వాదరలు. ఆకురాయి ఒకటి ఉంటే చాలు. శతాబ్దం పాటు దుకాణానికి వెళ్లిన పని మళ్లీ ఇంటికొచ్చింది. అయితే వేగం తనతోపాటు ఒక కొత్త బాధ్యతను కూడా ఇంటికి తెచ్చింది. చాలామంది దాన్ని గుర్తించలేదు.

కనిపించని బరువు

ఒక లెక్క చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. 21 అంగుళాల బ్లేడు అంటే సుమారు 53 సెంటీమీటర్లు. అది ఒక చుట్టు తిరిగితే దాని కొస సుమారు 1.67 మీటర్లు ప్రయాణిస్తుంది. నిమిషానికి 3000 చుట్లు, అంటే సెకనుకు 50 చుట్లు. కాబట్టి కొస వేగం సెకనుకు దాదాపు 84 మీటర్లు. గంటకు 300 కిలోమీటర్లు! మన కాలి బొటనవేలికి కొద్ది అంగుళాల దూరంలో, పలచటి రేకు కప్పు కింద, ఇంత వేగం తిరుగుతోందన్నమాట.

ఇప్పుడు ఆ బ్లేడు ఒక చివర 10 గ్రాములు తగ్గిందనుకుందాం. రెండు చిన్న చెంచాల చక్కెర బరువు అది. తిరిగే వస్తువు మీద పనిచేసే బలాన్ని డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 17వ శతాబ్దంలోనే లెక్కకట్టి, 1673లో తన గడియారాల గ్రంథంలో ప్రకటించాడు. ద్రవ్యరాశిని వ్యాసార్ధంతోనూ, కోణీయ వేగం వర్గంతోనూ గుణించాలి. 10 గ్రాములు, 25 సెంటీమీటర్ల వ్యాసార్ధం, నిమిషానికి 3000 చుట్లు తీసుకుంటే వచ్చే బలం సుమారు 247 న్యూటన్లు. అంటే 25 కిలోల బియ్యం బస్తా బరువు. ఆ బస్తా ఇంజను ఇరుసును సెకనుకు 50 సార్లు అన్ని వైపులకూ లాగుతూ ఉంటుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. మా తోటమాలి చేతుల్లో బండి నిలవకపోవడానికి కారణం ఇదే. నేను నూరించమన్న పిడికెడు ఇనుప రజను ఆయన చేతుల్లో బస్తాడు బరువైంది.

పరిశ్రమలు ఈ పాఠాన్ని లాన్‌మోవర్ కంటే చాలా ముందే నేర్చుకున్నాయి. స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లావాల్ 1878లో పాల నుంచి మీగడను వేరుచేసే యంత్రం తయారుచేశాడు. తరువాత నిమిషానికి 30,000 చుట్లు తిరిగే ఆవిరి టర్బైన్ నిర్మించాడు. అంత వేగంలో అతి చిన్న తేడా కూడా ఇరుసును విరిచేస్తుంది. ఆయన ఇరుసును సన్నగా, కాస్త వంగేలా చేసి, తిరిగే భాగం తన గురుత్వ కేంద్రం చుట్టూ తనంతట తానే సర్దుకునేలా చేశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో షెంక్ సంస్థ తిరిగే భాగాల అసమతూకాన్ని కొలిచే యంత్రాలను తయారుచేయడం మొదలుపెట్టింది. మోటారు కారు చక్రానికి చిన్న సీసపు ముక్కలు అతికించి మెకానిక్ సరిచేసేది కూడా ఈ తేడానే.

వణుకు యంత్రాన్ని మాత్రమే పాడుచేస్తే సరే అనుకోవచ్చు. 1918లో అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాతి గనులకు వెళ్లి, గాలి సుత్తులతో రాయి చెక్కే కార్మికుల చేతులను పరీక్షించింది. చలి ఉదయాల్లో వాళ్ల వేళ్లు తెల్లగా పాలిపోయి, స్పర్శ కోల్పోయేవి. ఎడతెగని వణుకు వేళ్లలోని రక్తనాళాలనూ నాడులనూ దెబ్బతీస్తుందని ఆ అధ్యయనం చూపింది. వారానికి ఒక గంట పచ్చిక కోసుకునే ఇంటివాడికి అంత ముప్పు లేదు. రోజంతా అదే పని చేసే తోటమాలికి ఉంది.

మూడు సెకన్ల చట్టం

రోటరీ మోవర్ తెచ్చిన ప్రమాదం వణుకొక్కటే కాదు. కప్పు కింద ఇరుక్కున్న గడ్డిని తీయడానికి, యంత్రం ఆగకముందే చెయ్యి పెట్టినవాళ్లు వేళ్లు పోగొట్టుకున్నారు. జారిపడి కాళ్లు పోగొట్టుకున్నారు. బ్లేడు తగిలి గాయపడేవాళ్లు ఏటా సుమారు 77,000 మంది అని అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం అంచనా వేసింది. ఆ సంఘం రూపొందించిన నిబంధనలు 1982 జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చాయి. దాని ప్రకారం, వెనక నడుస్తూ తోసే యంత్రం పిడిని వదిలేసిన 3 సెకన్లలోపు బ్లేడు ఆగిపోవాలి. పాదం బ్లేడును తాకకుండా అడ్డు ఉండాలి. ఇవాళ అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల గ్యారేజీల్లోని మోవర్లకు పిడి దగ్గర నొక్కి పట్టుకోవలసిన కడ్డీ ఉండటం అందుకే. దాన్ని తాడుతో కట్టేసి యంత్రాన్ని వాడటం, ఆ చట్టం వెనకున్న వేల గాయాలను మరిచిపోవడమే.

ఇంట్లో చేసి చూడండి

ఇంతవరకు చెప్పుకున్న చరిత్రంతా మీ చేతిలోని బ్లేడులో ఉంది. ఇక పని చూద్దాం.

మొదట ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. పెట్రోలు యంత్రమైతే స్పార్క్ ప్లగ్గు తీగను ఊడదీసి దూరంగా పెట్టండి. బ్యాటరీదైతే బ్యాటరీ తీసేయండి, కరెంటుదైతే ప్లగ్గు పీకేయండి. ఇది చేయకుండా బ్లేడును చేత్తో తిప్పితే ఇంజను అంటుకోవచ్చు. యంత్రాన్ని పక్కకు వంచేటప్పుడు గాలి వడపోత ఉన్న వైపు పైకి ఉండాలి. బ్లేడు తిరక్కుండా చెక్క దిమ్మె అడ్డం పెట్టి, మందపాటి చేతి తొడుగులు వేసుకుని బోల్టు విప్పండి. ఏ వైపు నేలకు ఉందో ముందే సుద్దతో గుర్తు పెట్టుకోండి. తిరగేసి బిగించిన బ్లేడు గడ్డిని కోయదు, కొట్టుకుంటూ పోతుంది.

బ్లేడు వంగినా, పగులు కనిపించినా, వెనక రెక్క దగ్గర పలచబడినా పదును పెట్టకండి. సుత్తితో సరిచేయాలనీ చూడకండి. కొత్తది కొనండి. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో విరిగిన ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఆకురాయితో నూరేటప్పుడు తయారీదారు ఇచ్చిన వాలునే అనుసరించండి. సాధారణంగా అది 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. గడ్డం గీసే బ్లేడంత పదును అక్కర్లేదు. అంత పలచటి అంచు మొదటి గులకరాయికే విరిగిపోతుంది. కూరగాయల కత్తి కంటే కొంచెం మొద్దుగా ఉన్నా చాలు, మిగతా పని వేగం చేస్తుంది. కరెంటు సాన వాడితే అంచు రంగు మీద కన్నేసి ఉంచండి. ఉక్కు వేడెక్కేకొద్దీ ముందు గడ్డి రంగుకు, 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలానికి తిరుగుతుంది. నీలం కనిపించిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం తగ్గుతోందని గుర్తు. కొలిమి దగ్గర కమ్మరి రంగు చూసి పదును చెప్పేది ఈ లెక్కతోనే. కాసేపు నూరి, నీళ్లలో ముంచి, మళ్లీ నూరండి. ఒక చివర ఎన్నిసార్లు రాశారో రెండో చివరా అన్నిసార్లే రాయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. గోడకు ఒక మేకు నేలకు సమాంతరంగా కొట్టి, బ్లేడు నడిమి రంధ్రాన్ని దానికి తగిలించండి. బ్లేడును అడ్డంగా నిలిపి వదలండి. ఒక చివర కిందికి దిగితే అది బరువు చివర. తొందరపడకండి. బ్లేడును తీసి, కుడి చివర ఎడమకు వచ్చేలా తిప్పి మళ్లీ తగిలించండి. ఈసారీ అదే చివర దిగితే తేడా బ్లేడులో ఉంది. రెండో చివర దిగితే తేడా మేకులోనే ఉంది. బరువు చివర వాదరను ఇంకొంచెం నూరి మళ్లీ చూడండి. వెనకవైపు పైకి లేచిన రెక్క జోలికి వెళ్లకండి. గడ్డిని గాలితో నిటారుగా లేపేది అదే. బ్లేడు ఎటూ వాలకుండా అడ్డంగా నిలిచేదాకా ఓపిక పట్టండి. పొడవాటి టర్బైన్ ఇరుసును తిప్పుతూ పరీక్షించాలి. మన బ్లేడు పలచటి పట్టీ కాబట్టి ఈ మేకు పరీక్ష ఇంటికి సరిపోతుంది. బజారులో దొరికే శంఖాకారపు తూకం పరికరం ఉంటే ఇంకా మంచిది.

చివరగా బోల్టును యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పినంత బిగించండి. ఇరవై పాతిక గంటల పని తరువాత ఒకసారి ఇలా చేసుకుంటే చాలు. ఈలోగా పచ్చికే మీకు కబురు చెబుతుంది. కోసిన రెండు మూడు రోజులకు గడ్డి కొసలు చిరిగి, తెల్లబడి, ఎండినట్టు కనిపిస్తే బ్లేడు మొద్దుబారింది. చిరిగిన ఆకు తెగిన ఆకు కంటే ఎక్కువ నీటిని కోల్పోతుంది. తెగుళ్లకూ తేలిగ్గా లొంగుతుంది.

పచ్చిక లేని ఇళ్లకు ఇదంతా ఎందుకని కొందరు అడగవచ్చు. మన మామిడి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో కలుపు కోసే బ్రష్ కట్టర్ల చప్పుడు ఇప్పుడు మామూలైపోయింది. భుజానికి తగిలించుకుని నడిపే ఆ యంత్రం కొసన తిరిగే బ్లేడుకు కూడా రెండో కత్తి లేదు. దాని ఆధారం కూడా వేగమే. పైగా దాని వేగం ఇంటి మోవర్ కంటే చాలా ఎక్కువ. దాని వణుకు నేరుగా రైతు చేతుల్లోకి, భుజంలోకి వెళుతుంది. దాని పళ్లలో కొన్నింటిని మాత్రమే నూరి వదిలేయడం నేను చేసిన పొరపాటే.

మా కళాశాలలో ఆ రోజు సాయంత్రం నేనూ తోటమాలీ వర్క్‌షాపు గోడకు మేకు కొట్టి, బ్లేడు తగిలించాం. నూరని చివర గభాలున కిందికి దిగింది. ఆయన కాసేపు దాన్నే చూసి, "ఇది తక్కెడ లెక్క కదా సార్, ముందే చెప్పొద్దూ" అన్నారు. ఆ వైపు నూరడం, తగిలించడం, మళ్లీ నూరడం, ఇలా ఓ గంటసేపు సాగింది. అడ్డంగా నిలిచాక ఆయనే బిగించుకుని తీసుకుపోయారు. వారం తరువాత వేళ్లు ఎలా ఉన్నాయని అడిగితే, పిడికిలి రెండుసార్లు ముడిచి తెరిచి చూపించారు.

ఆ మేకును తరువాత ఎవరూ పీకలేదు. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఆయన ప్రతిసారీ నూరాక బ్లేడును దానికి తగిలించి చూసుకునేవారు. మీ ఇంట్లోనూ, ఆకురాయి పెట్టుకునే చోటనే గోడకు ఒక మేకు కొట్టి ఉంచండి.